అడ్డంగా గీసినది చాలు, అంచు వెంట గీయండి

తెల్లవారుజామున మూడు గంటలకూ ఐదు గంటలకూ మధ్య అత్యవసర విభాగానికి వచ్చిన వాహన ప్రమాదాలను నా వృత్తి జీవితంలో ఎన్నింటినో చూశాను. వాటిలో చాలావాటికి ఒక సామాన్య లక్షణం ఉండేది. క్షతగాత్రులను తీసుకొని వచ్చిన పోలీసు కాగితం మీద వివరాలు వ్రాసుకుంటూ, "బ్రేకు వేసిన గుర్తే లేదు సార్" అనేవాడు. ప్రమాదాన్ని చూసినవాడు బ్రేకు వేస్తాడు. బ్రేకు గుర్తు లేదంటే ఆ మనిషి ప్రమాదాన్ని చూడలేదని అర్థం. కళ్ళు మూతపడి ఉన్నాయని అర్థం.

ఒక రాత్రి ఒక టొమాటో వ్యాను డ్రైవరుకు విరిగిన తొడ ఎముకను కదలకుండా కడుతున్నాము. పక్క సీటులో కూర్చొని వచ్చిన అతని తమ్ముడు అప్పటికే మరణించాడు. ఆ సంగతి అతనికి ఇంకా చెప్పలేదు. ఎంత వేగంతో వస్తున్నావని అడిగాను. "అరవై కూడా లేదు సార్. కన్ను మూసిందే తెలీదు. తెరిచేసరికి చింతమాను ఎదురుగా ఉండాది" అన్నాడు. ముందటి రోజు ఉదయం తోటలో సరుకు ఎత్తించినప్పటినుంచి అతడు నిద్రపోలేదు. మరునాడు కేసు కాగితంలో మాత్రం 'అతివేగం, అజాగ్రత్త' అని వ్రాశారు. అతివేగం లేదు. అజాగ్రత్త అనడానికి, జాగ్రత్త పడవలసిన మెదడే ఆ కొద్ది సెకన్లు పనిచేయలేదు.

ఇటువంటి మరణాలకు చచ్చినవానినో, బ్రతికి బయటపడినవానినో దోషిగా నిలబెట్టి చేతులు దులుపుకోవడం మనకు అలవాటయింది. ఆ అలవాటును ఖండించడానికే ఈ వ్యాసం. కునుకు పట్టిన మనిషిని ఉపన్యాసం మేల్కొలపలేదు; జరిమానా మేల్కొలపలేదు. అతడు నడుస్తున్న రోడ్డు మాత్రం మేల్కొలపగలదు. ఆ పని మన రోడ్లచేత మనం చేయించడం లేదు.

నిద్ర శరీరధర్మం

మనిషి మెదడులో ఒక జీవగడియారం ఉంది. అది రాత్రి రెండు నుంచి ఆరు గంటల వరకు, మళ్ళీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు గంటల వరకు మనలను నిద్ర వైపు లాగుతుంది. దీనికి తోడు, మేలుకొని గడిపిన ప్రతి గంటకూ నిద్ర బాకీ పెరుగుతుంది. ఈ రెండూ కలిసినప్పుడు సంకల్పబలం ఎంత ఉన్నా మెదడు తనంతట తాను కొన్ని సెకన్లు విరామం తీసుకుంటుంది. దీనినే సూక్ష్మనిద్ర అంటారు. కొన్నిసార్లు కళ్ళు తెరిచే ఉంటాయి. చూపు మాత్రం ఉండదు. పట్టినవానికి తాను నిద్రపోయినట్లు కూడా తెలియకపోవచ్చు.

1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు 'నేచర్' పత్రికలో ప్రకటించిన పరిశీలన ప్రకారం, ఎడతెగకుండా 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి పనితనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాని స్థాయికి దిగజారుతుంది. 24 గంటలు గడిస్తే అది 0.10 శాతానికి సమానం. మన దేశపు మోటారు వాహన చట్టం అనుమతించే హద్దు 0.03 శాతం. అంటే చుక్క ముట్టని డ్రైవరు సైతం 17 గంటల జాగరణ తరువాత చట్టం దృష్టిలో తాగినవానికంటె మెరుగైన స్థితిలో లేడు. ఊపిరి ఊదించే పరికరానికి ఈ మత్తు చిక్కదు.

ఇక లెక్క చూద్దాం. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. నాలుగు సెకన్ల కునుకులో బండి దాదాపు 90 మీటర్లు నడిపేవాడు లేకుండా పోతుంది. ఒక వరుస వెడల్పు మూడున్నర మీటర్లు. అందులో నడిమధ్యన పోతున్న చిన్న వ్యానుకు అటూ ఇటూ మిగిలేది ఒక మీటరు లోపే. బండి ముఖం కేవలం రెండు డిగ్రీలు పక్కకు తిరిగితే సెకనుకు ముప్పావు మీటరు చొప్పున పక్కకు జరుగుతుంది. ఒక సెకను దాటగానే అది తన వరుసలో ఉండదు. కుడికి జరిగితే ఎదురుగా వచ్చే బస్సు, ఎడమకు జరిగితే చింతమాను, కల్వర్టు గోడ, నిలిపి ఉంచిన లారీ. కథంతా ఆ ఒకటి రెండు సెకన్లలోనే ముగుస్తుంది.

మన దారులు, మన ప్రయాణాలు

ఈ లెక్క ఇతర ప్రాంతాలకంటె మన ప్రాంతానికి ఎక్కువగా వర్తిస్తుంది. అనంతపురం పీఠభూమిలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల దరిదాపులలో ఉంటుంది. అదీ నమ్మదగినది కాదు. వేరుశనగ ఎండిన ఏడు గోరంట్ల, బుక్కపట్నం, కొత్తచెరువు, నల్లమాడ, కదిరి పల్లెల జనం బెంగళూరు దారి పడతారు. పనిదినం పోగొట్టుకోలేరు కనుక రాత్రిపూట వస్తారు, తెల్లవారక ముందే బయలుదేరుతారు. చీనీ, టొమాటో, అరటి లారీలు మార్కెట్టు వేళ అందుకోవడానికి రాత్రంతా నడుస్తాయి. పుట్టపర్తికి వచ్చే యాత్రికులలో అనేకులు బెంగళూరు విమానాశ్రయంలో అర్ధరాత్రి దిగి, అద్దె కారు ఎక్కి, సరిగ్గా జీవగడియారం అట్టడుగుకు చేరే వేళకు కొడికొండ దాటుతారు. వెనుక సీటులో వారు నిద్రపోతారు. డ్రైవరు అప్పటికి ఎన్ని గంటలుగా మేలుకొని ఉన్నాడో వారు అడగరు, అతడు చెప్పడు.

దీనికి తోడు మన నేల స్వభావం. చదునుగా, తిన్నగా సాగే దారులు. ఇరువైపులా ఒకే తీరు బీడు. కంటికి పని కల్పించే మలుపు లేదు. మార్పులేని దృశ్యం నిద్రను పిలుస్తుంది.

2023 అక్టోబరు 26న, దసరా ముగించుకొని బెంగళూరుకు తిరిగి వెళుతున్న మన జిల్లా కూలీల సుమో 44వ నంబరు జాతీయ రహదారి మీద చిక్కబళ్ళాపురం దగ్గర ఉదయపు మంచులో ఆగి ఉన్న ట్యాంకరు లారీని ఢీకొన్నది. 13 మంది మరణించారు. గోరంట్ల పరిసరాల ఇళ్ళు ఒక్క పూటలో ఖాళీ అయ్యాయి. అది మంచు వలన, దారిలో నిలిచిన లారీ వలన జరిగిన ఘోరం; నేను చెప్పబోయే మందు ఆ జబ్బుకు కాదు. అయినా ఆ ప్రయాణాన్ని ఎందుకు తలుస్తున్నానంటే, అటువంటి బండ్లు ప్రతి పండుగ మరునాడూ అదే వేళకు, అదే దారిలో, అంతే మందిని ఎక్కించుకొని పోతూనే ఉన్నాయి.

పట్టికలో లేని రోగం

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక తెలిపింది. అంటే గంటకు 19 మంది. ఆ నివేదికలో నిబంధనల ఉల్లంఘనల వారీగా మరణాలను లెక్కించే పట్టిక ఒకటి ఉంది. అతివేగం, మద్యం లేదా మాదకద్రవ్యాలు, తప్పుదిశలో నడపడం, ఎర్రదీపం దాటడం, సెల్‌ఫోను వాడకం, ఇతరములు అని అందులో గడులు ఉంటాయి. నిద్రకు గడి లేదు. మరణాలలో సుమారు 71 శాతం 'అతివేగం' గడిలో చేరాయి. నేను చూసిన వ్యాను డ్రైవరు కూడా అందులోనే ఎక్కడో ఒక అంకెగా ఉంటాడు.

వైద్యునికి ఇది తెలిసిన ప్రమాదమే. రోగ నిర్ధారణ తప్పితే చికిత్సా తప్పుతుంది. జ్వరాలన్నింటినీ 'విషజ్వరం' అని వ్రాసుకునే ఆసుపత్రిలో మలేరియాకు మందు ఉండదు. నిద్రవలన జరిగినదానిని అతివేగమని వ్రాసుకున్న దేశం వేగానికే మందు వేస్తుంది.

అడ్డుపట్టీల విచ్చలవిడితనం

ఆ మందు ఏమిటో పాఠకులందరికీ వెన్నెముకతో సహా తెలుసు. రోడ్డుకు అడ్డంగా నాలుగో ఆరో వరుసలుగా వేసే మందపాటి తెల్లపట్టీలు. రంబుల్ స్ట్రిప్స్ అంటే మనవారికి తెలిసినది ఇదే. బడి ముందర, కూడలికి ముందర, పల్లె మొదట్లో వీటి అవసరం ఉంది; కాదనను. కాని ప్రమాదం జరిగిన ప్రతిచోటా, ధర్నా జరిగిన ప్రతిచోటా, కారణం విచారించకుండా ఇవే వేసి పని అయిందనిపించుకోవడం చికిత్స కాదు.

వీటివలన కలిగే బాధ ఎవరిదో గమనించండి. ఎముకలు గుల్లబారిన ముసలమ్మ బస్సు వెనుక సీటులో కూర్చుంటే ఒక్క కుదుపుకు వెన్నుపూస నలిగిపోవచ్చు. నెలలు నిండిన గర్భిణి, తుంటి విరిగిన రోగి 108 వాహనంలో ఒక్కొక్క పట్టీకి మూలుగుతారు. ఇంకొక వింత ఉంది. ద్విచక్ర వాహనదారులు, ఆటోలవారు ఈ కుదుపును తప్పించుకోవడానికి పట్టీలు ముగిసే చోటును చూసుకొని రోడ్డు అంచుకు, అంచు దాటి మట్టిలోకి దిగి, మళ్ళీ తారు మీదకు ఎక్కుతారు. మనిషిని తన వరుసలో ఉంచవలసిన రోడ్డు తానే అతనిని వరుస తప్పిస్తున్నది!

అన్నింటికంటె పెద్ద లోపం మరొకటి. అడ్డుపట్టీ మేలుకొని ఉన్నవానినీ కుదుపుతుంది, నిద్రపోయినవానినీ కుదుపుతుంది. వరుసలో సరిగా పోతున్నవానికీ శిక్షే. పైగా అది ఉన్నచోట మాత్రమే పనిచేస్తుంది. నిద్ర మాత్రం ఎక్కడైనా పడుతుంది.

అంచు గాట్లు చేసే పని

ఇదే సాధనాన్ని అడ్డంగా కాక రోడ్డు పొడుగునా అంచుగీత వెంట, రెండు వరుసల దారిలో నడిమిగీత మీద కూడా వేస్తే కథ మారిపోతుంది. తెలుగులో వీటికి స్థిరపడిన పేరు లేదు. అంచు గాట్లు, నడిమి గాట్లు అందాం. గట్టిపడిన తారులో యంత్రంతో కోసే ఈ గాటు సాధారణంగా 13 మిల్లీమీటర్ల లోతు, 18 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. 30 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున వరుసగా సాగుతాయి. తన వరుసలో పోయేవాడు వాటిని ఒక్కసారి కూడా తాకడు. ఎటువంటి కుదుపూ అనుభవించడు. వరుస తప్పినవాని చక్రం మాత్రం 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 70కి పైగా గాట్లను దాటుతుంది. ఆ అదురు స్టీరింగు గుండా అరచేతులకు, సీటు గుండా వెన్నుకు చేరుతుంది. ఆ మోత చెవికి చేరుతుంది. మెదడు కాండంలో మెలకువను కాపాడే నాడీజాలానికి శబ్దం, స్పర్శ రెండూ ఒకేసారి అందుతాయి. మూసిన రెప్పకు తెల్లగీత కనబడదు, హెచ్చరిక బోర్డు కనబడదు. మూసిన రెప్ప ఉన్నా పనిచేసే హెచ్చరిక ఇదొక్కటే.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద 1952లోనే రోడ్డు అంచున ఇటువంటి మోత పట్టీలు వేశారు. ఆ దేశపు సహకార రహదారి పరిశోధనా కార్యక్రమం 2009లో వెలువరించిన 641వ నివేదిక లెక్కల ప్రకారం, గ్రామీణ ప్రాంతపు రెండు వరుసల రోడ్లపై అంచు గాట్ల వలన, వాహనం ఒంటరిగా దారి తప్పిపోయి ప్రాణనష్టమో గాయాలో కలిగించే ప్రమాదాలు 36 శాతం తగ్గాయి. నడిమి గాట్ల వలన అటువంటి రోడ్లపై ఎదురెదురుగా ఢీకొని ప్రాణనష్టమో గాయాలో కలిగించే ప్రమాదాలు 44 శాతం తగ్గాయి. ఒక మాత్ర ఏ రోగంలోనైనా మరణాలను ఇందులో సగం తగ్గించినా మేము వైద్యులం దానిని ప్రతి చీటీలో వ్రాస్తాము.

ఇది పరదేశపు విలాసం అనుకోనక్కరలేదు. 2025లో మధ్యప్రదేశ్‌లో, వీరాంగనా దుర్గావతి పులుల అభయారణ్యం గుండా సాగే రహదారిపై జాతీయ రహదారుల సంస్థ ఎర్రని మందపాటి పూత పరచి, రెండు అంచులా ఉబ్బెత్తు తెల్లగీతలు వేసింది. వాటిని తాకిన చక్రం అదురుతుంది. అడవి మృగాల మేలుకోరి చేసిన ఆ పనిని మెచ్చుకుంటున్నాను. అక్కడ వేయగలిగిన గీతను గోరంట్ల కూలీ కోసం ఇక్కడ వేయలేరా అని మాత్రం అడుగుతున్నాను.

గీత గీసిన వైద్యురాలు

రోడ్ల సంగతి వైద్యునికి ఎందుకని కొందరు మిత్రులు నన్ను ప్రశ్నించారు. వారికి ఒక వైద్యురాలి కథ చెప్పాలి. కాలిఫోర్నియాలో ఇండియో అనే ఎడారి ఊరి పరిసరాలలో డాక్టర్ జూన్ మెకారల్ వైద్యం చేసేవారు. 1917లో ఆమె తన కారులో ఇంటికి పోతుండగా ఎదురుగా ఒక పెద్ద లారీ రోడ్డు నడిమధ్యన వచ్చింది. ఆమె కారును ఇసుకలోకి దింపి ప్రాణం దక్కించుకున్నారు. తరువాత ఒకచోట, వెడల్పు చేసిన రోడ్డులో పాత భాగానికీ కొత్త భాగానికీ మధ్య ఉబికిన అతుకును గమనించారు. ఆ ఉబ్బు ఉన్నంత మేర బండ్లన్నీ తమ తమ పక్కనే పోతున్నాయి. రోడ్డు నడుమ గీత ఉండాలనే ఆలోచన ఆమెకు అలా కలిగింది.

అధికారులు విని ఊరుకున్నారు. ఆమె తన ఇంటి ముందరి రోడ్డుపై తానే తెల్లగీత గీశారని అక్కడివారు చెప్పుకుంటారు. మహిళా సంఘాలను కూడగట్టి ఏళ్ళ తరబడి ఉత్తరాలు వ్రాయించగా, 1924లో కాలిఫోర్నియా రాష్ట్రం రహదారుల మీద నడిమిగీతను అంగీకరించింది. మిషిగన్‌లో ఎడ్వర్డ్ హైన్స్ అంతకుముందే 1911లో అటువంటి గీత గీయించారు; ఎవరు మొదటివారన్నది నాకు ముఖ్యం కాదు. ఆమెకు ఆ ఆలోచన ఇచ్చినది రంగు కాదు, చక్రానికి తగిలే ఉబ్బు. నూరేళ్ళ తరువాత మనం రంగు దగ్గరే ఆగిపోయాము. ఆ రంగు కూడా మన ఎండకూ దుమ్ముకూ త్వరలోనే వెలిసిపోతుంది.

ఆక్షేపణలకు సమాధానం

ద్విచక్ర వాహనాలు రోడ్డు అంచునే పోతాయి, అవి పడిపోవా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. గాట్లను నిడివంతా ఎడతెగకుండా కోయరు. మధ్యమధ్య మూడు, మూడున్నర మీటర్ల ఖాళీ వదిలి సైకిళ్ళు దాటే వీలు కల్పించే పద్ధతి ఇదివరకే ఉంది. లోతు తగ్గించవచ్చు, కోతకు బదులు అంచుగీతనే ఉబ్బెత్తుగా పోయవచ్చు. నడిమి గాట్లు అంచున పోయేవానిని తాకవు.

రాత్రంతా మోత మోగితే పల్లెలో నిద్ర ఉండదంటారు. నిజమే, కనుక ఊరి పొలిమేరకు ముందే ఆపాలి. ఊళ్ళో వేగం తగ్గించడానికి వేరే ఉపాయాలు ఉన్నాయి.

తారు నాసిరకంగా ఉంటే గాట్లలో నీరు నిలిచి రోడ్డు చెడుతుందంటారు. అటువంటిచోట కోయవద్దు, ఉబ్బెత్తు గీత వేయండి. మన గాలికి దుమ్ము నిండుతుందంటారు. లారీ చక్రాలు కొంత తుడుస్తాయి; మిగిలినది ఊడ్చాలి. అంచున కంకులు, వేరుశనగ ఆరబోసే అలవాటును కూడా మనం మానుకోవాలి. ఆ తప్పు ప్రభుత్వానిది కాదు, మనది.

అంచు గాటు మేల్కొలిపినా, పక్కన మట్టి తారుకంటె జానెడు దిగువన ఉంటే లాభమేమిటంటారు. ఇది అన్నింటిలోకి గట్టి ఆక్షేపణ. అంచు దిగిన చక్రం తిరిగి ఎక్కబోయి తారు గట్టుకు ఒరుసుకొని, ఒక్కసారిగా ఎక్కి, బండిని ఎదుటి వరుసలోకి విసురుతుంది. ఒకటిన్నర మీటర్ల గట్టి అంచుదారి ఉంటే కునుకు నుంచి లేచినవానికి రెండు సెకన్లు దక్కుతాయి, అవి చాలును. అది లేని చిన్న దారులలో ముందుగా తారు అంచును నిట్టనిలువుగా వదలక సుమారు 30 డిగ్రీల వాలుగా పరచి, మట్టిని సమం చేసి, నడిమిగీతను ఉబ్బెత్తుగా వేయాలి.

చేయవలసినది

పుట్టపర్తికి చేరే ప్రతి దారికీ, 44వ నంబరు రహదారికీ వర్తించే కోరికలు మూడు. మొదటిది: రోడ్డుపై కొత్తగా తారు పరిచే ప్రతి ఒప్పందంలో అంచు గాట్లు లేదా ఉబ్బెత్తు అంచుగీతలు, రెండు వరుసల దారులలో నడిమి గాట్లు విధిగా ఉండాలి. వెడల్పు చేయనక్కరలేదు, భూమి సేకరించనక్కరలేదు. రెండవది: బడి, కూడలి, ఊరు లేనిచోట వేసిన అడ్డుపట్టీలను తొలగించాలి. మూడవది: ప్రమాద నివేదికలో నిద్రకు ఒక గడి పెట్టాలి. డ్రైవరు ఎన్ని గంటలుగా మేలుకొని ఉన్నాడో, బ్రేకు గుర్తు ఉన్నదో లేదో వ్రాయాలి.

డ్రైవరు సోదరులకు ఒక మాట. గాట్ల మోత నిద్రను పోగొట్టదు, లేపుతుంది, అంతే. కొద్ది నిమిషాలలో మళ్ళీ కునుకు వస్తుంది. మోత వినబడగానే వరుసలోని బండ్లకు దూరంగా, రోడ్డు వదిలి సురక్షితమైన చోట ఆపండి. కాఫీ తాగి వెంటనే ఇరవై నిమిషాలు పడుకోండి. కాఫీ పనిచేయడానికి పట్టే వ్యవధి కూడా సుమారు అంతే. కిటికీ తెరవడం, పాట పెట్టడం, ముఖం కడగడం మందులు కావు. అద్దె కారు ఎక్కే యాత్రికులు బయలుదేరే ముందు డ్రైవరును "ఎప్పుడు పడుకున్నావు నాయనా?" అని అడగండి. జవాబు నచ్చకపోతే తెల్లవారేదాకా ఆగండి. దర్శనం రేపయినా దొరుకుతుంది.

ఆ టొమాటో వ్యాను డ్రైవరుకు తమ్ముడి మరణవార్తను నేనే చెప్పవలసి వచ్చింది. "నేనే చంపినాను సార్" అన్నాడు. కాదని నేను అన్నాను, అతడు నమ్మలేదు. ఆ చింతమానుకు ముందు అంచున నూరు మీటర్ల గాట్లు ఉండి ఉంటే అన్నదమ్ములిద్దరూ ఉలిక్కిపడి లేచి, ఒకరినొకరు తిట్టుకొని, ఇంటికి పోయి ఉండేవారేమో. ఆ 'ఏమో'ను పరీక్షించి చూడడానికి కావలసినది ఒక కోత యంత్రం, నాలుగు రాత్రుల పని.